సగం వచ్చినప్పుడు

కొర్లగుంటలో మూడో అంతస్తు. కరెంటు లేదు.
లాప్‌టాప్‌లో ఇంకా నలభై శాతం ప్రాణం.
తెల్లారేలోగా భాష కొత్త వెర్షన్ బయటికి పోవాల,
దాని వెంట నేను రాసే కాగితం:
ఏం వచ్చింది, ఏం పోయింది, ఏది పేరు మార్చుకుంది.

భాషను కట్టినోళ్లు పదకొండు మంది,
ఏ ఇద్దరిదీ ఒక ఊరు కాదు.
కట్టింది ఏందో చెప్పమంటే మాత్రం
అందరూ నా వైపు తిరుగుతారు,
పెళ్లిలో చదివింపులు రాసేవాడి వైపు తిరిగినట్టు.

‘చేర్చినవి’ రాయడం సులభం.
కొత్తగా వచ్చినదాన్ని ఎవరైనా పొగుడుతారు.
‘తీసేసినవి’ కూడా రాయొచ్చు,
ఏడాది ముందే చెప్పినాం కదా అని చేతులు దులుపుకొని.
మధ్యలో ఒక రకం ఉంది,
ఉంటుంది గానీ నమ్ముకోవద్దు అనే రకం.
దానికి తెలుగు మాట కోసం
మూడు వెర్షన్లుగా వెతుకుతా ఉండా.
‘కాలం చెల్లినది’ అంటే చావు కబురు.
‘వాడుక తగ్గించవలెను’ అంటే మందుచీటీ.
కింద మెస్సు నడిపే రెడ్డెమ్మను అడిగితే
“ఆధార్ కార్డులో నాది ఇంకా చిత్తూరు జిల్లానే పాపా,
జిల్లా మారి ఎన్నేండ్లాయ?
పని జరగతానే ఉండాది.
జరిగినన్నాళ్లు జరగనీ” అనింది.
అదే రాసుకున్నా, కొంచెం మర్యాదగా.

ఇంక మిగిలింది ఒక్క వరస.
‘సరిచేసినవి’ కింద, పదిహేడోది:
సగం వచ్చినప్పుడు అంకె ఎప్పుడూ పైకే జరిగేది;
ఇకమీదట దగ్గరి సరిసంఖ్యకు జరుగుతుంది.
లెక్క ప్రకారం న్యాయమే.
ఎప్పుడూ పైకే తోస్తే మొత్తం ఉబ్బిపోతుంది,
తక్కెట్లో బొటనవేలు పెట్టినట్టు.

పోయిన నెల పరీక్షకని ముందుగా వదిలినప్పుడు
నగరి నుంచి ఏకాంబరం ఫోన్ చేసినాడు.
ఎనిమిది మరమగ్గాలు, ఒక పాత కంప్యూటరు,
మా భాషలో తనే రాసుకున్న ముప్పై వరసలు:
చీర వెడల్పు చెబితే
అంచు బొమ్మకు పోగులెన్నో చెప్పేవి.

“ఇరవై రెండున్నరకు ఇరవై మూడు ఇచ్చేదమ్మా.
ఇప్పుడు ఇరవై రెండు ఇస్తాంది.
ఇరవై మూడున్నరకు మాత్రం
ఎప్పటి మాదిరే ఇరవై నాలుగు.
నెమలి కంటికి ఒక పోగు తగ్గింది.
ఒక నెమలి నిద్రపోతాంది,
పక్కది మేలుకొని చూస్తాంది.
చీర ఎవురు కొంటారు?”

పాతదే లోపమండీ, సరిచేసినాం, అన్నా.
కాసేపు మగ్గాల చప్పుడే వినిపించింది.
“సరే తల్లీ.
సరిసంఖ్యే సరైందని ఎవురన్నారు?”

ఆరేండ్లు మా తప్పు మీద
ఆయన అంచు నేసుకున్నాడు.
తప్పని తెలీదు ఆయనకు.
ఉందని తెలీదు మాకు.

కట్టినోళ్లను అడిగినా. వెనక్కి తీయమన్నారు.
తీయకూడదు కూడా, నాకూ తెలుసు.
ఒక్క మనిషి కోసమా అన్నాడొకాయన.
ఒక్క మనిషి ఫోన్ చేసినాడు.
చేయనోళ్లను ఏ వరసలో రాయాల?

పదిహేడో దాని కింద రెండు వాక్యాలు పెట్టినా:
పాత తీరు కావాలంటే పిలిచేటప్పుడు ‘పైకి’ అని చేర్చండి.
పోగులు, పంపకాలు లెక్కేసేవాళ్లు
పాత అంకెలతో ఒకసారి పోల్చి చూసుకోండి.

‘పోగులు’ కింద గీత కొట్టి పంపినారు,
అందరికీ తెలిసే ఉదాహరణ ఇమ్మని.
మార్చలేదు.

ఏకాంబరం ఫోటో పంపినాడు,
ముప్పై ఒకటో వరస చేర్చినానని.
ఒక నెమలి, కన్ను తెరిచే ఉంది.
రెండోది ఫోటోలో సగమే పడింది,
కన్ను ఉండే సగం కాదు.

కింద రెడ్డెమ్మ కిరసనాయిలు దీపంతో
చట్నీకి శనక్కాయలు వేయిస్తా ఉంది.
టైము నాలుగున్నర.
పాత లెక్కలో అయితే అయిదు.
కొత్త లెక్కలో ఇంకా నాలుగే,
పదిహేడో వరస మళ్లీ ఒకసారి చదవొచ్చు.