కారణం రాసే గడి

ఫిబ్రవరిలో కుర్చీలు చాలవు.
జువాలజీ వాళ్ళ దగ్గర ఇరవై అరువు తెస్తాను.
జూలై వచ్చేసరికి తిరిగి ఇచ్చేస్తాను,
వాళ్ళు అడక్కుండానే.

కంప్యూటర్ సైన్స్ విభాగంలో గుమాస్తాని.
పందొమ్మిదేళ్ళుగా ఇదే బల్ల.
మా పోర్ట్ ఎలిజబెత్‌కి
నాలుక చప్పరించి పలకాల్సిన కొత్త పేరొచ్చింది.
గాలి మాత్రం పాతదే,
తలుపు తీస్తే చాలు, కాగితాలన్నీ లేచి నిలబడతాయి.

మానేసేవాళ్ళు ఆఖరున నా దగ్గరికే వస్తారు.
లేత నీలం ఫారం. పేరు, నంబరు, సంతకం.
మధ్యలో కారణం రాయడానికి అగ్గిపెట్టెంత గడి.
అందరూ రాసేది ఒకటే మాట: వ్యక్తిగతం.
ముద్ర కొడతాను.
వ్యక్తిగతం. ముద్ర. వ్యక్తిగతం. ముద్ర.
ఇంతమంది సొంత సంగతి
ఒకే సంగతి ఎలా అయిందని
ఏ ఏడూ ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

ఆ జూన్‌లో నోలుఫెఫే వచ్చింది.
గడి చాలలేదని ఫారం వెనక్కి తిప్పి రాసింది:

"మదర్‌వెల్‌కి ఆఖరి టాక్సీ ఆరున్నరకి.
ల్యాబ్‌లో నాకు మెషీన్ దొరికేది ఏడింటికి.
గ్రూపులు కట్టమన్నారు. అందరూ కట్టుకున్నాక
నేను మిగిలాను.
'ఇది మీకు స్కూల్లోనే తెలిసుంటుంది' అని
సార్ అన్న ప్రతిసారీ నేనొక పేజీ వెనకబడ్డాను.
మా స్కూల్లో కంప్యూటర్ గదికి తాళం ఉండేది,
గది చూశాను, తాళం చూశాను.
తెలివి చాలక వెళ్తోందని మాత్రం రాసుకోకండి."

ముద్ర ఎత్తాను. సిరా ఆరిపోయిందన్నాను, రేపు చూస్తానన్నాను.
అబద్ధం. సిరా బాగానే ఉంది.
ఆ ఫారాన్ని రూయిబోస్ టీ డబ్బా కింద పెట్టాను.
రూలు ప్రకారం అయిదు రోజులు.
మూడు వారాలు అక్కడే ఉంది.

బుధవారం సమావేశం.
విషయం: వైవిధ్యం, విద్యార్థుల్ని నిలుపుకోవడం.
బల్లమీద కొత్త పోస్టర్లు పరిచారు,
ఒక లాప్‌టాప్ చుట్టూ నాలుగు రంగుల నవ్వులు.
ఎడమవైపు నవ్వుతున్న పిల్ల నాకు తెలుసు.
మార్చిలోనే వెళ్ళిపోయింది.

మినిట్స్ రాసే మనిషికి నోరుండదు. అయినా లేచాను.
డబ్బా అడుగు గుండ్రంగా మరకపడ్డ కాగితాన్ని
మొదటినుంచి చివరిదాకా చదివాను.
ఫూరీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
ఇద్దరు నీళ్ళు నమిలారు.
"టాక్సీల వేళలు సిలబస్‌లోకి రావు కదా" అన్నారొకాయన.
నాకప్పుడు జవాబు తట్టలేదు.
ఇంటికెళ్తుంటే బస్సులో తట్టింది.

కొంపలేం మునిగిపోలేదు.
శనివారం పొద్దున ల్యాబ్ తెరిచారు, తాళం నాకిచ్చారు.
గ్రూపులకి చీటీలు తీశారు.
ఒకసారి తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కినవాళ్ళనే
ట్యూటర్లుగా పెట్టారు.
స్కూల్లోనే అనబోయి ఫూరీ గారు
నాలుక కరుచుకోవడం రెండుసార్లు విన్నాను.
మూడోసారి అననే అన్నారు.

నోలుఫెఫేకి ఫోన్ చేశాను.
సూపర్‌మార్కెట్ కౌంటర్లో పని దొరికిందట.
"నీ ఫారం మీద ముద్ర పడలేదమ్మా ఇంకా" అన్నాను.
అవతల చిల్లర లెక్కపెడుతున్న చప్పుడు,
చాలాసేపు.

ఈ ఏడు శనివారాలు
నేను టీ కాస్తుంటే గోడ పక్కనుంచి ఆమె గొంతు వినిపిస్తుంది.
ఎవరో కొత్త కుర్రాడు, చెమటలు పట్టి కూర్చున్నాడు.
"నీ లూపు సున్నా దగ్గర సరిగ్గానే మొదలైంది.
చివరి ఒక్కరి దాకా వెళ్ళకుండా ఆగిపోతోంది.
మెషీన్ ఇది తప్పని చెప్పదు.
నువ్వే లెక్క చూసుకోవాలి."

మొన్న జూలైలో జువాలజీకి
పదకొండు కుర్చీలు తిరిగిచ్చాను.
తొమ్మిది మా దగ్గరే ఉన్నాయి.
వాళ్ళు రెండుసార్లు అడిగారు.
ఇవ్వలేదు.