తలగుడ్డ

నాలుగ్గంటలకే సమాధుల కాడికి పోయినాము.
నిడుజివ్వి గాలికి కొవ్వొత్తులు నిలబళ్ళేదు.
చేతులడ్డం పెట్టుకోని,
వేళ్ళ సందుల్లో ఎర్రగా,
ఎవురి దీపం వాళ్ళు మోసుకుంటా.

పాస్టరయ్య వాక్యం చదివినాడు.
తెల్లారకముందే సుగంధాలు తీసుకోని బయల్దేరిన ఆడోళ్ళు
దోవలో ఒకరినొకరు అడుక్కున్యారంట,
ఆ బండ మనకోసరం ఎవురు తోస్తారని.

నాకు నవ్వొచ్చింది, సమాధుల మధ్యన, ఆ చీకట్లో.
బండ సంగతి మాకు చెప్పల్నా?
ఎర్రగుంట్లలో పాలీషు మిషను కిందికి
దినానికి నూటిరవై తోస్తా నేను.
ఏ మందానికి ఎంత బరువో
నా నడుముకు తెలుసు, తక్కెడతో పనిలేదు.
మీ వంటింటి గట్టు మా గుంతలోదే.
మీ చచ్చిపోయినోళ్ళ పేర్లు చెక్కిచ్చేదీ దానిమీదే.

జక్రయ్య మీద పడింది కూడా ఆ నల్లబండే.
దాన్ని లేపేదానికి పదకొండుమంది,
మూడు గడ్డపార్లు, ఒక క్రేను.
క్రేను మాపటికి వచ్చింది.
దేవదూత రాలేదు.
ఇది దూషణ కాదు సామీ,
జరిగిన లెక్క చెప్తాండా.

మూడోనాడు ఆయన తలగుడ్డ
మౌలాలి తెచ్చి వాకిట్లో పెట్టి పోయినాడు.
ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టి.
ఆ పొద్దు గడ్డపార మౌలాలి చేతిలో ఉన్నింది.
జారింది.
చేతులన్యాక జారతాయి.
అప్పుట్నుంచి నన్ను జూస్తే వీధి మార్చి పోతాడు.
నేనూ మార్చి పోతా.
ఒకే ఊర్లో ఇద్దురం, రెండు గుంతల్లో ఉన్నెట్ల,
నాలుగేండ్లు.

పాస్టరయ్య ఇంకా చదువుతానే ఉండాడు.
సమాధి ఖాళీ. నారబట్టలు ఒకపక్క.
తలకు చుట్టిన గుడ్డ మటుకు వేరేగా, మడిచి.

ఆడ ఆగిపోయినా నేను.

చావును గెలిచి లేచినాయన,
బయట లోకం లోకమే కాసుకోనుంటే,
నిదానంగా నిలబడి గుడ్డ మడిచినాడా?
పనికి పోయే మనిషి పక్క మడిచి పెట్టినట్ల?
ఆయనకు తొందర లేదు.
తొందర ఎప్పుడూ చావుకే.

లేచినంక ఏం జేసినాడు మరి?
మేకులు కొట్టిచ్చినోళ్ళ గడపకు పోయి కేకలెయ్యలేదు.
నీళ్ళ ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి,
నేనెరగనని మూడుసార్లు అన్నోన్ని
రా, తిందువు అని పిలిచినాడు.
గాయాలు మాత్రం పూడలేదు.
తూట్లు తూట్లుగానే ఉన్న్యాయి, ఏలు పెట్టి చూసుకోమన్న్యాడు.
లేచినంత మాత్రాన
నొప్పి జరగనట్లేం గాదు.

సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం ఎనక పొద్దు పొడిచింది.
అందరూ "లేచినాడు" అన్న్యారు.
నేను కొంచెం ఆలస్యంగా అన్యా.

ఇంటికొచ్చి పొయ్యి ముట్టిచ్చినా.
జొన్నరొట్టెలు నాలుగు, మీద ఊరిబిండి.
చుట్టేదానికి పెట్టెలోనించి ఆ గుడ్డ తీసినా.
నాలుగేండ్ల మడత, విప్పితే గీతలు పోలేదు.

మౌలాలి వాళ్ళ వీధి మొదట్లో
నా కాళ్ళు కదల్లేదు.
దినానికి నూటిరవై తోసేదాన్ని,
ఈ ఒక్కటి
ఎవురు తోస్తారు నాకు?

ఎవురు తోసినారో తెలీదు.
తలుపు కొట్టినా.

గుడ్డను చూసినాడు ముందు. నన్ను తర్వాత.
గడప మీద కూలబడినాడు.
"తిను," అన్యా. ఇంకో మాట రాలేదు నాకు.
వాళ్ళ మస్తానమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి
తలుపుకానుకోని నిలబడింది.
ఒక రొట్టె తుంచేదానికి
ఎంతసేపు పట్టిందో ఆ పెద్ద చేతులకు.

తిన్న్యాక గుడ్డ దులిపినాడు.
అంచుకు అంచు కలిపి
నాలుగు మడతలు పెట్టి
నా చేతికిచ్చినాడు.

మరుసటి దినం సోమవారం.
పాలీషు మిషను మామూలే, నీళ్ళ రొద మామూలే.
బండలు నూటిరవై.