పది మార్కుల ప్రశ్న

గూడూరు కాలేజీలో, మధ్యాహ్నం మూడో పీరియడ్‌లో
ఇరవై రెండేళ్లుగా ఒకే గుహ తవ్వుతున్నాను.
సంకెళ్ల మనుషులు, వీపు వెనక మంట,
ఎదురు గోడ మీద నీడలు.
నీడనే నిజమనుకున్న వాళ్ల కథ
గ్రీకు పెద్దాయన చెప్పినట్టే చెప్పి
సుద్దముక్క కింద పెట్టేసరికి
చివరి బెంచీలోంచి చెంగల్రాయుడు లేచాడు.

"సార్, ఆ మంటకి కట్టెలెవరు మోశారు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ నవ్వు బస్సెక్కి నాతోనే ఇంటికొచ్చి
రాత్రి అన్నంలో రాయిలా తగిలింది.

ఆదివారం వాడి వెంట సైదాపురం పోయాను.
అక్కడ కంకర కూడా మెరుస్తుంది,
చెప్పుల అంచుకీ మేకల గిట్టలకీ
ఎండిన తుమ్మకాయలకీ అభ్రకం పొడి.
వాడి అవ్వ మస్తానమ్మ బీడీ ఆర్పి
నా గుహని ఆసాంతం విన్నది.
గూట్లోంచి కాకిబంగారం దిమ్మ ఒకటి తీసి
గోటితో చీల్చింది. రేకు. రేకులో రేకు.
"దీంట్లో అసలుదేదో తియ్యి అయివారూ."
చీలుస్తూ పోయాను.
చివరికి వేళ్ల మధ్య
ఊపిరికే వణికే పొర మిగిలింది.
దాంట్లోంచి ఆమె ముఖం పచ్చగా కనబడింది.
"ఇంకో రెండుండాయి దాంట్లో" అంది.

"లోపల మాకు నీడలతో ఏం పని?
పైకప్పు రాయి ఎట్టా మూలుగుద్దో తెలుసు,
ఏ మూలుక్కి పరిగెత్తాల్నో తెలుసు.
నీడలు చూసింది పైనోళ్లు.
ఎండలో కుర్చీ యేసుకోని
మమ్మల్ని పుస్తకంలో అంకెలుగా చూసినారు."

ఉంగరం కథ ఎత్తుకున్నాను.
వేలికి తిప్పితే మనిషి మాయం,
ఎవరూ చూడనప్పుడు నీతి నిలుస్తుందా అని.
ఆమెది దగ్గో నవ్వో తెలియలేదు.
"దొంగకి ఉంగరమెందుకబ్బయా?
మిట్టమధ్యాన్నం, అందరం చూస్తుండంగానే
మేస్త్రి తూకంరాయి మార్చేవోడు.
మాయమైంది మేము."

కాసేపాగి, ఎటో చూస్తూ,
"కార్బైడు దీపం ఆరిన పొద్దు
నేనూ ఒక రేకు రొంటిన దోపినా.
పగిలిన లాంతరు బుడ్డికి అతికించినా.
తప్పే.
వెలుతురు బాగనే వొచ్చినాది."

వెలుగు చూసొచ్చిన జ్ఞానే
గుహని ఏలాలన్నాడు పెద్దాయన, మరి?
ఎదురు గోడ మీద మొన్నటి ఓట్ల ముఖాలు,
వానకి సగం ఊడి, సగం నవ్వుతూ.
ఆమె వాటి వంక చూసింది.
"చూసొచ్చినాడా, మంచిది.
ఏలేదెందుకు?
నిచ్చెన కింద గట్టిగా పట్టుకోమను.
ఒకరెనక ఒకరం మేమే ఎక్కొస్తాం."

మార్చి పరీక్షలు.
గుహ ఉపమానాన్ని విశదీకరించుము.
అరవై మంది సూర్యుణ్ణి చూసొచ్చారు,
నా నోట్సులోంచే.
చెంగల్రాయుడి పేపర్లో ఒక్క వాక్యం:
మంట వేసినవాళ్లకి ఆ పూట కూలి ముట్టిందో లేదో
పెద్దాయన రాయలేదు, కాబట్టి జవాబు సగమే.

సున్నా వేయలేను.
పది వేస్తే
ఇరవై రెండేళ్లూ కొట్టేసుకోవాలి.
ఎర్రపెన్ను మూత తీసే ఉంది.
సిరా ఎండుతోంది.