ఒక మిల్లీమీటరు

డాబాగార్డెన్స్‌లో పళ్ళసెట్లు కడతాను.
మిగిలిన ప్లాస్టర్‌తో రాత్రిళ్ళు
ఐర్లాండ్ కొండలు పోస్తాను.

"మనకి అరకు లైను లేదా?" అంటాడు మా ఆయన.
ఏమో. అక్కడ వాన సన్నగా పడుతుందట.
ఇక్కడి ఉప్పుగాలికి రెండు వారాలకే పట్టాలకి తుప్పు,
సెట్లు తోమే బ్రష్షుతోనే తోముతాను.

గోనెపీచు కత్తిరించి రంగులో ముంచితే గడ్డి.
దూదితో గొర్రెలు పన్నెండు,
ఒకదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది.
స్టేషన్ బోర్డు మీద పై వరస భాష నాకు రాదు,
అక్షరం పోకుండా రాశాను.

కొట్లో దొరికే పట్టా పదహారున్నర.
వాళ్ళ గేజికి ఇరవై ఒకటి ఉండాలి.
అందుకే ప్రతి స్లీపరూ నేను కోసిందే,
ప్రతి టంకమూ నా వేలు కాల్చిందే.

వాల్తేరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో మూడు రోజులు పెట్టాం.
"ఇంకా ఫాస్ట్‌గా పోదా ఆంటీ?"
పిల్లలంతా అదే ప్రశ్న.

ఆఖరి సాయంత్రం
గొల్లంగి అప్పలసూరి, రిటైరైన గ్యాంగ్‌మన్,
రైలుని చూడనే లేదు.
బల్లకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి
పట్టాల వెంట చూపు పోనిచ్చాడు.
"గేజి తగ్గిందేటమ్మా?
మనదానికి మూడంగుళాలు నేదు."

బొమ్మ కొలతలో అది
ఒక్క మిల్లీమీటరు.
నాలుగేళ్ళుగా నాకు తప్ప ఎవరికీ కనపడనిది.

"వాళ్ళ దేశంలో అంతే బాబాయ్."
"అలాగైతే బాగేసినావు."

రైలొచ్చే వైపు ఓసారి చూసుకుని
వంపు దగ్గర పడ్డ పల్లీపొట్టు
తీసేశాడు.