ఒక్కటి

మూడు వందల పన్నెండు.
మూడు వందల పదకొండు.
ఫైర్ స్టేషన్ తలుపుకి అంటించిన కాగితంలో
ఒడెట్ పేరు కింద ఉంది.

ఆ శనివారం నేను షెడ్డులో
లాబ్‌స్టర్ బోనులకి వల అల్లుకుంటున్నాను.
బయట వాన. ఎలాగూ గెలిచేది ఆవిడే కదా.

మళ్ళీ లెక్కపెట్టారు. అంకె కదల్లేదు.
నేనూ వెళ్ళుంటే సమానం;
టోపీలో చీటీలు వేసి తీసేవారు.
ఆ టోపీ కూడా దక్కనివ్వలేదు.

సాయంత్రం వచ్చింది, నా కంచెకి కట్టిన బోర్డు విప్పుకోడానికి.
తడికి ముడి బిగిసింది. చాకు అడిగింది.
"అంత వానలో వెళ్ళొచ్చావు, రుణపడ్డాను" అంది.

ఎక్కడో ఓటేసిన వేలికి సిరా పూస్తారట.
మా రేవులో పుయ్యరు.

చాకు ఇచ్చి
చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.