దెబ్బకీ దెబ్బకీ మధ్య

మొన్న అమావాస్య, రాత్రి రెండుంబావుకి
ఆరో గుంట కట్ట మీద
ముందు చక్రంలో చిల్లకంప ముల్లు దిగింది.
టప్పున పేలలా.
కూలి చాలక మెల్లిగా జారుకునే మనిషిలా
ఉస్సురంటా పోయింది గాలి.
షెడ్డు ముప్పావు మైలు.
సైకిలు నడిపించుకుంటా పోయేలోగా
మూడో గుంటలో ఏరియేటర్లు రెండూ ఆగిపోయి
రొయ్యలు పైకి తేలి ఉండాయి.
నీళ్లలో ఉండి గాలికి అల్లాడటం
టార్చిలైటు వేసి చూశా.

పెంచలరెడ్డి ఏమీ తిట్టలా.
చచ్చినవి తట్టలకెత్తించి తూకం వేయించాడు.
అంకె రాసిన కాగితం నాకు ఒకసారి చూపించి
జేబులో పెట్టుకున్నాడు.
తిడితే బాగుండేది.

అందుకని ఇస్కపల్లి నుంచి కావలి వచ్చా.
చక్రం ఊడదీసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చా.
కండక్టరు దానికీ టికెట్టు కొడతానన్నాడు.
చెప్పుల కొట్టుకి కాలు తీసుకుపోకుండా ఎట్టా?

ట్రంకు రోడ్డులో ఖాజావలి కొట్టు.
"ఏం కావాల మాలకొండయ్యా?"
"గాలి కావాలబ్బా. కూడా తీసుకుపోయే గాలి."

ముందు నిలువు పంపు తీశాడు,
చెక్క పిడి, వాళ్ల నాయన అరచేతులు అరగదీసిన పిడి.
ఇరవై దెబ్బలకి చక్రం రాయయింది.
మంచిదే. సైకిలుకి యాడ కట్టేది?
కట్ట మీద దాంతో పోతే
శవాన్ని అడ్డంగా వేసుకుపోయినట్టుంటది.

తర్వాత బొటనవేలంత ఇనప బుడ్డి.
"మూడు లెక్కబెట్టేలోగా నిండుద్ది."
"ఆ తర్వాత?"
"తర్వాత పారేయడమే."
ఒక్క ఊపిరికి నూటరవై.
ముల్లుకి నా జీతం తెలవదు,
ఒకే రాత్రి రెండుసార్లు దిగుద్ది.

మూడోది బ్యాటరీది.
నిజం చెప్తున్నా, మనసు పోయింది.
చేతిలో నల్లగా, చల్లగా,
మొహాన అంకెలు వెలిగాయి,
ఎంత కావాలో చెప్తే అంత పట్టి అదే ఆగుద్దంట.
మూతి మాత్రం మోటారు సైకిలు వాల్వుదే.
మనది వాల్‌ట్యూబు బండి.
ఖాజావలి సొరుగంతా కెలికి
చింతగింజంత ఇత్తడి ముక్క తీశాడు, మధ్యలో పెట్టేదానికి.
"ఇది పోతే?"
"పోనీయబాక."
మడికట్టు బురదలో, చీకట్లో
చింతగింజని పోనీయకుండా ఉండాలంట.

సరే, దానికీ ఒప్పుకున్నా.
అప్పుడు మీట నొక్కాడు.

కొట్టంతా మోత.
గడప దగ్గర ఒక పిల్లోడు గోళీలెంతని అడుగుతున్నాడు,
పెదాలు కదులుతున్నాయి,
మాట రావడంలా.

అప్పటిదాకా నాకూ తెలవదు
నేను చేసేది కళ్ల పని కాదని.
ఏడు గుంటలు, పధ్నాలుగు ఏరియేటర్లు,
దేని గొంతు దానిది.
మూడో గుంటలో రెండోది దగ్గుతా తిరుగుద్ది.
అయిదో దాంట్లో ఒకటి నీళ్లని చెంపదెబ్బలు కొడతది.
ఆ గోలలోంచి ఒక్క గొంతు తగ్గినా
నిద్రలో అయినా లేచి కూర్చుంటా.
ఈ మోత ముందు పెట్టుకుని
వాటినెట్టా వినేది?
"ఆపబ్బా," అన్నా.

మూలన దుమ్ములో జానెడు చేతిపంపు.
"అది వద్దులే, నూట ఎనభై దెబ్బలు కొట్టాల,
రెక్కలు పడిపోతాయి."
కొట్టి చూశా.
గొట్టం కాలింది, భుజం గుంజింది.
అయితే దెబ్బకీ దెబ్బకీ మధ్య
ఒక సందుంది.
ఆ సందులో పిల్లోడి గోళీల బేరం వినపడింది,
బస్టాండులో అల్లూరు బస్సు పిలుపూ వినపడింది.
నాలుగొందల ఇరవై. ఇరవై తగ్గించాడు,
వాల్‌ట్యూబు జానెడు ఊరికే ఇచ్చాడు.

పెంచలరెడ్డి చూసి నవ్వాడు.
"ఇంకా చేత్తో కొట్టేదేందిరా, అందరూ మిషన్లు కొంటుంటే?"
ఏం చెప్తాం.

రాత్రి మళ్లీ దిగింది ముల్లు.
కాదు, పాత అతుకే వదిలిందేమో.
రెండో గుంట మలుపులో మోకాళ్ల మీద కూర్చుని
కొడతా ఉన్నా.
ఎనభై. తొంభై.
సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి,
ఊరికే వచ్చే గాలి, ట్యూబులోకి మాత్రం రాని గాలి.
నూట పన్నెండు దగ్గర
చెయ్యి దానంతటదే ఆగింది.

దగ్గు వినపడలా.

సగం గాలితోనే ఎక్కా.