సొంత పని

సెలవు చీటీలో ‘సొంత పని’ అని రాశాను.
అంతకంటే నిజం దొరకలేదు.

నాలుగున్నరకి కందుకూరులో కుక్కలే లేచున్నాయి.
రెండు సీసాల నీళ్లు, ఒక ట్యూబు, నాలుగు వేరుశనగ ఉండలు,
మోకాళ్లకి నూనె.
నలభై ఆరేళ్ల డ్రిల్లు టీచరమ్మ సామాను ఇంతే.

ఊరు దాటగానే వాసన.
పొగాకు బ్యారన్ల పొయ్యిలు ఆరలేదింకా.
ఆకు పండే తీపి ఘాటు
గొంతులో పాకంలా, ముక్కులో మిరపపొట్టులా.
దుప్పటి కప్పుకుని బ్యారన్ వేడి చూసుకునే మనిషి
నా మీదికి టార్చి వేశాడు.
“ఎవురది?”
“సైకిలు” అన్నాను.
చాలనుకున్నాడు. లైటార్పేశాడు.

వోలేటివారిపాలెం దగ్గర తెల్లారింది.
పడమటి గాలి ఎదురు.
తొక్కుతున్నానో, అంట్లగిన్నెలా గాలిని తోముతున్నానో.
రోడ్డు మీదికి వంగిన చిల్లచెట్లు,
వాటి కింద ముళ్లు, నా కళ్లు ముళ్ల మీద.

టీ బంకులో గ్లాసు కడుగుతూ పెద్దాయన
“మాలకొండకా? ఇయ్యాళ శనారం కాదే తల్లీ, గుడి తియ్యరు.”
“ఉదయగిరికి.”
“మొక్కా?”
“కాదు.”
“షుగరా?”
“కాదు.”
“మరి బస్సుంది గదమ్మా!”

నిజమే, బస్సుంది.
ఎప్పుడూ ఉంది.
కబడ్డీ పిల్లల్ని వేసుకుని ఆటల పోటీలకి,
పెట్టెలు మోసుకుని ఎలక్షన్ డ్యూటీలకి
ఇరవై రెండేళ్లు ఈ దారినే పోయాను,
కిటికీకి తలానించి, నోరు తెరుచుకుని నిద్రపోతూ.
ఏం చూశానని అడిగితే
టిక్కెట్టు రంగు చెప్పగలను.

కిటికీకి చదునుగా ఉండే దారి
తొడలకి చదును కాదు.
ఇక్కడ ఒక ఎత్తుందని ఏ మ్యాపూ చెప్పలేదు,
జామాయిల్ తోట పక్కన, మైలురాయికి అవతల,
గేదె మూపురమంత.
దానికొక పేరు పెట్టాలనిపించింది.
ఊపిరి చాలక పెట్టలేదు.

పామూరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా
వెనక చక్రం నిట్టూర్చింది.
నడిపించుకుంటూ పోతే నాసరయ్య షాపు.
ట్యూబుని నీళ్ల బేసిన్‌లో ముంచి
బుడగల వరస చూశాడు, నాడి చూసినట్టు.
ముల్లు పీకి నా అరచేతిలో పెట్టాడు.
“మా ఊరిదేలే. దాచుకో.”
మొక్కా అనలేదు. షుగరా అనలేదు.
వెనక పళ్లచక్రాన్ని వేలితో తిప్పి,
పళ్లు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి,
“ఎత్తు మీద దీన్ని ఏడేస్తావ?” అని అడిగాడు.
అరగంట మాట్లాడుకున్నాం.
పొద్దుట్నుంచీ నేను చెప్పాలనుకున్నదంతా అదేనని
చెబుతుంటే తెలిసింది.
ఇరవై తీసుకుని, అయిదు తిరిగిచ్చాడు.

మధ్యాహ్నం రెండింటికి గాలి మళ్లింది.
అంత దూరంలో వదిలేసొచ్చిన సముద్రం
నన్నింకా మర్చిపోనట్టు
వెనకనుంచి వీపు మీద చెయ్యేసి తోసింది.
వరికుంటపాడు బత్తాయి తోటలో
పేరడగని ఒకామె కాయ విసిరింది, పట్టాను.
పులుపుకి కళ్లు మూసుకున్నాను.
తెరిచేసరికి కొండ.

ఉదయగిరి కొండ కనపడ్డాక
చేరడానికి మూడు గంటలు.
తొక్కేకొద్దీ అది పక్కకి జరిగి కూచుంటుంది,
పెళ్లి బంతిలో చోటిస్తున్నట్టే ఇచ్చి ఇవ్వని మనిషిలా.

దీపాల వేళకి మౌలాబీ వరండాలో
చెక్క గరిటెలు ఆరబోసున్నాయి.
ఒకటి కొన్నాను. చిన్నది, కాడ కాస్త వంకర.
డబ్బులందుకుంటూ నా అరచేయి తిప్పి చూసింది,
హ్యాండిల్ కొరికిన బొబ్బలు.
తన చెయ్యి పక్కన పెట్టింది, బాడిసె కాయలు.
“నీవి పచ్చివి” అని నవ్వింది.

లాడ్జి మంచం మీద
కాళ్లింకా తిరుగుతూనే ఉన్నాయి.
హెడ్మాస్టర్ ఫోను.
“పనయిందా అమ్మా?”
“సగమైంది సార్.
రేపు తెల్లారకముందే బయల్దేరితే
పడమటి గాలి నా వైపే ఉంటుంది.”